పెరటి కోడి, పళ్లెంలోని కోడి

భూమిపై సంచరించే జంతువులూ, రెండు రెక్కలతో ఎగిరే పక్షులూ మన వంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ సముదాయాలలో ఒక్కొక్కదానిని ఈ శీర్షికన అప్పుడప్పుడు పరిచయం చేసుకుంటున్నాము. ఈ మాసం అందుకోసం అడవులకూ సముద్రాలకూ పోనవసరం లేదు. ఆదివారం వచ్చిందంటే మన వంటింట్లో ప్రత్యక్షమయ్యే పక్షి గురించే మాట్లాడుకుందాము.

కోడి గురించి వ్రాయడానికి కొత్తగా ఏమున్నదని కొందరు పాఠకులు అనుకోవచ్చును. మా మదరసాలో పదేళ్ల పిల్లల తరగతిలో ఒకనాడు మేము, గుడ్డు ఎన్ని రోజులకు పిల్ల అవుతుందని అడిగాము. ముప్పై మందిలో ఇద్దరు మాత్రమే ఇరవై ఒక్క రోజులని చెప్పగలిగారు. ఇద్దరూ పల్లెల నుండి వచ్చినవారే. తక్కినవారిలో కోడికూర తినని వారం గడిచినవాడు ఒక్కడూ ఉండడు! మన దాదీలు, నానీలు కోడి నడక చూసి దానికి ఏ తెగులు సోకిందో చెప్పేవారు. గంప కింద ఎన్ని ఉన్నాయో చీకట్లో చేత్తో తడిమి లెక్కపెట్టేవారు. ఇప్పుడు మనం కోడిని వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తింటున్నాము, వారికంటే ఎంతో తక్కువగా ఎరుగుదుము. ఈ ఎరుగకపోవడం ఎక్కడి దాకా పోతుందంటే, పళ్లెంలోకి వచ్చినది హలాల్ అవునా కాదా అన్న ప్రశ్న దాకా పోతుంది. ఆ విషయానికి తర్వాత వస్తాము. ముందు పక్షిని పరిచయం చేసుకుందాము.

2019లో జరిగిన పశుగణన ప్రకారం మన దేశంలో కోళ్లు, బాతులు వంటి పెంపుడు పక్షులు 85 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం కోళ్లే. ప్రపంచమంతటా ఏడాదికి ఆహారం కోసం కోసే కోళ్ల సంఖ్య 7,000 కోట్లు దాటుతుంది. మనిషి పెంచే మరే పక్షీ ఈ సంఖ్యకు దరిదాపుల్లో లేదు.

ఇంతటి సంతతికి మూలం ఆగ్నేయాసియా వెదురు పొదల్లో తిరిగే ఎర్ర అడవికోడి. అది మనిషి చెంతకు ఎలా చేరిందన్న విషయమై 2022లో వెలువడిన పరిశోధనలు ఒక ముచ్చటైన సంగతి చెప్పాయి. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట సుమారు 3,300 నుండి 3,600 సంవత్సరాల నాటి కోడి ఎముకలు దొరికాయి. అదే కాలంలో అక్కడి ప్రజలు వరి, చిరుధాన్యాలు మెట్టసాగు చేయసాగారు. కళ్లాలలో రాలిన గింజల కోసం అడవికోడి చెట్టు దిగి వచ్చిందనీ, అలా వచ్చినది వెళ్లలేదనీ పరిశోధకుల అభిప్రాయం. అంటే కోడి మచ్చికకు మొదటి ఎర వరిగింజ. అన్నమూ కోడికూరా కలిసి ఒకే పళ్లెంలోకి రావడానికి ఇంత పాత సంబంధం ఉన్నదన్న మాట!

మన దక్షిణాదికీ ఇందులో ఒక వాటా ఉన్నది. చాలా కోళ్లకు కాళ్లు, చర్మం పసుపు రంగులో ఉంటాయి కదా. ఎర్ర అడవికోడికి ఆ లక్షణం లేదు. దక్షిణ భారతపు అడవుల్లో ఉండే బూడిదరంగు అడవికోడి నుండి అది సంక్రమించిందని 2008లో జన్యు పరీక్షల ద్వారా తేలినది. మన కొండల్లోని పక్షి ఇచ్చిన పసుపు నేడు లోకమంతటి కోళ్ల కాళ్లకు పూసి ఉన్నది.

అరబ్బీ భాషలో పెట్టను దజాజ అనీ, పుంజును దీక్ అనీ అంటారు. గోదావరి, కృష్ణా తీరాలలో పేరుమోసిన పందెం కోడికి ‘అసీల్’ అనే పేరు కూడా అరబ్బీదే. మేలిమి వంశానికి చెందినదని దాని అర్థం. ఇంత గౌరవమైన పేరు పెట్టుకొని ఆ పక్షికి మనుషులు చేస్తున్నది మాత్రం అగౌరవమే. సంక్రాంతి రోజుల్లో దాని కాలికి కత్తి కట్టి, మరొక దానిపైకి ఉసిగొల్పి, లక్షల రూపాయలు ఒడ్డుతారు. జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని వారిస్తూ హదీసు ఉన్నది. పందెం జూదమే కనుక ఖుర్ఆన్ నిషేధం స్పష్టమే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం కూడా ఇది నేరం. అయినా బరుల చుట్టూ నిలబడినవారిలో మన యువకుల ముఖాలు కూడా కనబడుతున్నాయని విన్నప్పుడు మాకు బాధ కలుగుతున్నది. మేము చూడటానికి మాత్రమే వెళ్లామని వారంటారు. చూసేవాడు లేకపోతే బరి ఎందుకు వేస్తారు?

ఇక గుడ్డు విషయానికి వద్దాము. నిర్జీవం నుండి జీవాన్నీ, జీవం నుండి నిర్జీవాన్నీ వెలికితీసేవాడని ఖుర్ఆన్ అల్లాహ్‌ను కీర్తించిన చోట, మన ముఫస్సిర్లు ఇచ్చిన ఉదాహరణలలో గుడ్డు నుండి కోడి, కోడి నుండి గుడ్డు కూడా ఒకటి. ఆ ఉదాహరణ ఎంత లోతైనదో గుడ్డును దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది.

పెట్ట కడుపులో ఒక గుడ్డు సిద్ధం కావడానికి సుమారు ఇరవై అయిదు గంటలు పడుతుంది. అందులో ఇరవై గంటలు కేవలం పెంకు పోసుకోవడానికే. రోజుకు ఇరవై నాలుగు గంటలే గనుక, పెట్ట నిన్న పెట్టిన వేళకంటే ఇవాళ కొంత ఆలస్యంగా పెడుతుంది. అలా జరిగి జరిగి సాయంత్రమయ్యేసరికి ఒక రోజు విరామం తీసుకుంటుంది. పెట్టలను పెంచిన స్త్రీలకు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే తెలుసు. పెంకు రాయిలా కనబడుతుంది గానీ దానికి కంటికి కనబడని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి గుండా లోపలి పిల్లకు గాలి అందుతుంది. గుడ్డును నీళ్లలో వేసినప్పుడు పాతది తేలడం, తాజాది మునగడం చూస్తాము. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ ఈ రంధ్రాల గుండా బయటికి పోయి, వెడల్పు కొన వద్ద ఉన్న గాలి అర పెద్దదవుతుంది. అదే దానిని తేల్చేది.

పచ్చసొనే పిల్లగా మారుతుందని చాలామంది అనుకుంటారు. పిల్ల తయారయ్యేది పచ్చసొనపై ఉండే ఆవగింజంత తెల్లని చుక్క నుండి. పచ్చసొన, తెల్లసొన దాని ఆహారం. పొదగడం మొదలైన రెండవ రోజుకే ఆ చుక్కలో గుండె కొట్టుకోసాగుతుంది. తల్లి రోజుకు ఎన్నోసార్లు గుడ్లను ముక్కుతో తిప్పుతూ ఉంటుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కొని చనిపోతుంది. ఈ సంగతి తల్లికోడికి ఎవరు నేర్పారు? ఇరవయ్యో రోజున పిల్ల గాలి అరను చీల్చి తొలి శ్వాస తీసుకుంటుంది. లోపలి నుండే కిచకిచమంటుంది, తల్లి బయట నుండి మెల్లగా బదులిస్తుంది. అంటే తల్లీబిడ్డలు ముఖం చూసుకోకముందే గొంతులు గుర్తుపట్టుకుంటారు. పెంకు పగలగొట్టడానికి పిల్ల ముక్కు చివర ఒక చిన్న గట్టి మొన ఉంటుంది. పని అయిన కొద్ది రోజులకు అది రాలిపోతుంది.

ఇంకొక ఏర్పాటు ఉన్నది. బయటికి రావడానికి కొంచెం ముందు, మిగిలిన పచ్చసొనను పిల్ల తన పొట్టలోకి లాక్కుంటుంది. దానితో రెండు మూడు రోజులు మేత, నీరు లేకున్నా బ్రతకగలదు. ఎందుకంటే పిల్లలన్నీ ఒకేసారి బయటపడవు. చివరి గుడ్డు చిట్లే దాకా తల్లి లేవకూడదు. అంతవరకు ముందుగా వచ్చిన పిల్లలు ఆకలితో చావకూడదు. తల్లి ఓపికకు తోడుగా సృష్టికర్త పిల్ల పొట్టలో సద్ది మూట కట్టి పంపాడు. సుబ్‌హానల్లాహ్!

ఆ సద్దినే నేటి వ్యాపారం తన రవాణాకు వాడుకుంటున్నది. హ్యాచరీల నుండి ఒకరోజు పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి మేత లేకుండానే వందల కిలోమీటర్లు పంపగలగడం దీని వలననే. ఉరుసులలో, సంతలలో ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి అమ్మే కోడిపిల్లలను చూసే ఉంటారు. అవి చాలా వరకు గుడ్ల కోసం పెంచే జాతిలో పుట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా పెరగవు గనుక ఫారాలకు అవి పనికిరావు. చాలా చోట్ల పుట్టిన రోజే వాటిని చంపివేస్తారు, కొన్ని ఇలా రంగుల్లో సంతకు చేరుతాయి. మన పిల్లవాడు మారాం చేస్తే పది ఇరవై రూపాయలకు కొనిస్తాము. పొట్టలోని సద్ది ఉన్నన్నాళ్లు అది చలాకీగా తిరుగుతుంది, తర్వాత తల్లి వెచ్చదనం లేక ముడుచుకొని చనిపోతుంది. పిల్లవాడు ఒక పూట ఏడ్చి మరచిపోతాడు. నిష్కారణంగా ఒక పిచ్చుకను చంపినా ప్రళయదినాన ప్రశ్న ఉంటుందని హదీసు హెచ్చరిస్తున్న ధర్మం మనది. వెచ్చని గంపా, దీపమూ, మేతా ఇచ్చి పెంచగలిగితేనే ఆ పిల్లను కొనండి. లేకుంటే ఆ మారాంను ఓర్చుకోవడమే మేలు.

కోడి శరీరంలో విచిత్రాలు అనేకం. దానికి పళ్లు లేవు. గింజలు మొదట మెడ కింది సంచిలో నానుతాయి, తర్వాత మనం ఇష్టంగా తినే కందనకాయలో నలుగుతాయి. కోడి ఏరుకొని మింగిన చిన్న రాళ్లే అందులో తిరగలి పని చేస్తాయి. దాని కంటికి మనం చూడలేని అతినీలలోహిత కాంతి కూడా కనబడుతుంది. కానీ నాలుక విషయంలో మనతో పోటీ పడలేదు. మిరపలోని ఘాటు పక్షులకు తెలియదు. గుంటూరు మిరపగింజలు వేసినా కోడి బియ్యం తిన్నట్టే తింటుంది. ఆ కోడిని అదే మిరపకారంతో వండి కళ్లనీళ్లు పెట్టుకునేది మనమే.

కోళ్ల గుంపులో ఎవరు ముందు తినాలో, ఎవరు ఎవరిని పొడవవచ్చునో కచ్చితమైన వరుస ఉంటుంది. 1920ల ఆరంభంలో నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బే ఈ వరుసను తొలిసారిగా శాస్త్రీయంగా వివరించాడు. బాల్యం నుండీ కోళ్లను చూస్తూ, లెక్కలు వ్రాసుకుంటూ పెరిగినవాడు ఆయన.

పుంజు కూత గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోడి కూత విన్నప్పుడు అల్లాహ్ అనుగ్రహాన్ని అర్థించాలనీ, అది దైవదూతను చూసినదనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. నమాజుకు లేపుతుంది గనుక కోడిని దూషించవద్దన్న హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. బస్రా పండితుడు అల్ జాహిజ్ తన ‘కితాబుల్ హయవాన్’లో కుక్క గొప్పదా, పుంజు గొప్పదా అన్న వాదనకు ఎన్నో పుటలు కేటాయించాడు. అందులో పుంజు పక్షాన వినిపించే బలమైన వాదన, అది రాత్రి ఘడియలను ఎరుగుననే. పలుమార్లు పరీక్షించి చూసిన పుంజు కూతను బట్టి నమాజు వేళను అంచనా వేయవచ్చునని కొందరు షాఫిఈ ఫఖీహులు అభిప్రాయపడినట్లు దమీరీ వ్రాశారు.

గడియారాలు లేని కాలపు మాటలని వీటిని కొట్టివేసేవారికి జపాన్ దేశపు నగోయా విశ్వవిద్యాలయం వారు 2013లో చేసిన ప్రయోగం చూపించవచ్చును. పుంజులను వెలుతురు మారని గదిలో రోజుల తరబడి ఉంచినా, బయటి పొద్దుతో నిమిత్తం లేకుండా అవి వేకువ వేళకు ముందే కూశాయి. గడియారం వాటి శరీరంలోనే ఉన్నది. రెండేళ్ల తర్వాత అదే బృందం మరొక సంగతి గమనించినది. గుంపులో పెద్ద పుంజు మొదట కూస్తుంది, తక్కినవి తమ తమ హోదా వరుసలో అందుకుంటాయి. మదరసాలో ఫజ్ర్‌కు విద్యార్థులను లేపే బాధ్యత ఉన్న ఉస్తాదులకు ఈ వరుస క్రమం అసూయ పుట్టించేదే! పుంజు నోరు పూర్తిగా తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం మూసుకుపోతుందట. తన కూతకు తనకే చెవుడు రాకుండా చేసిన ఏర్పాటది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎట్లా తెల్లవారుతుందన్న ముసలమ్మను చూసి లోకం నవ్వింది గానీ, సెల్‌ఫోన్ అలారం నొక్కి మళ్లీ పడుకునే మనకు ఆ ముసలమ్మ కోడి ఒకటి ఉంటే మంచిదే.

ఇప్పుడు ఆహారం సంగతి. దైవప్రవక్త (స) కోడిమాంసం భుజించారని హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) తెలిపారు. ఆ ఉల్లేఖనం వెనుక ఉన్న సందర్భం గమనించదగినది. ఆయన వద్ద భోజనానికి కోడిమాంసం వచ్చినప్పుడు ఒక వ్యక్తి దూరంగా కూర్చున్నాడు. కోడి మలినం తినడం చూసి అసహ్యం కలిగి, ఇక తిననని ఒట్టు పెట్టుకున్నానని కారణం చెప్పాడు. అబూ మూసా (రజి) అతనిని దగ్గరకు పిలిచి, దైవప్రవక్త (స) తినగా తాము చూశామని చెప్పి, ఒట్టు విషయం ఎలా సరిచేసుకోవాలో వివరించారు. అసహ్యానికీ, నిషేధానికీ మధ్య తేడా ఇక్కడ తెలుస్తున్నది. మలినాలే ప్రధాన ఆహారంగా తిరిగే జంతువును జల్లాలా అంటారు. దానిని కొంతకాలం కట్టి ఉంచి, శుభ్రమైన మేత పెట్టిన తర్వాత తినాలన్నది ఫుఖహాల మాట. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అలాంటి కోడిని మూడు రోజులు కట్టి ఉంచేవారని ఉల్లేఖనం ఉన్నది. పెంటకుప్పల మీద తిరిగే నాటుకోడిని కొనుక్కొని వచ్చే సోదరులు ఈ సున్నితమైన అలవాటును తిరిగి తెచ్చుకోవచ్చును. మూడు రోజులు గంప కింద పెట్టి నూకలు వేయడం పెద్ద పనేమీ కాదు.

పాఠకుల లేఖలలో తరచుగా వచ్చే ప్రశ్న బ్రాయిలర్ గురించి. ‘హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి పెంచుతారట, తినవచ్చునా?’ అని అడుగుతారు. నిజమేమిటంటే, ఫారంలో వేలాది కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకొని మాటిమాటికీ సూది వేయడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు. పెరుగుదల హార్మోను ప్రొటీను గనుక మేతలో కలిపితే కడుపులోనే జీర్ణమైపోతుంది. బ్రాయిలర్ త్వరగా పెరగడానికి కారణం తరతరాలుగా చేసిన జాతి ఎంపిక, దానికి తగిన మేత. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు 1957, 1978, 2005 సంవత్సరాల నాటి జాతులను పక్కపక్కన ఒకే మేతతో పెంచి చూశారు. యాభై ఆరవ రోజున మొదటిది 905 గ్రాములు, రెండవది సుమారు 1,800 గ్రాములు, మూడవది 4,200 గ్రాములు తూగినది. ఎముకలకూ గుండెకూ అందనంత వేగంగా కండ పెరుగుతున్నది. అందుకే ఈ జాతిలో కాళ్ల బాధలు, గుండె ఆగడం సాధారణం. పంజరాల్లోని గుడ్ల కోళ్ల స్థితి ఇంకొక రకం. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే ఇవి మూడు వందలకు పైగా పెడతాయి. ఒక్కొక్క గుడ్డు పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి, చాలని భాగం ఎముకల నుండి పోతుంది. చాలా పంజరాలలో ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. ఇసుకలో దొర్లి ధూళిస్నానం చేయాలన్న కోరిక కోడి పుట్టుకలోనే ఉన్నది. తీగల మీద నిలబడిన కోడి కూడా లేని మట్టిని చల్లుకుంటున్నట్టు రెక్కలు ఆడిస్తుంది.

హార్మోన్లు వదంతి గానీ, యాంటీబయాటిక్‌ల భయం వదంతి కాదు. మనుషుల ప్రాణం నిలపడానికి వైద్యులు చివరగా వాడే కొలిస్టిన్ అనే మందును కోళ్లకు వాడుతూ వచ్చిన ఫలితంగా, 2019లో కేంద్ర ప్రభుత్వం ఆహారపు జంతువుల విషయంలో దానిని నిషేధించినది. ఇన్ని చెప్పినా, బ్రాయిలర్ స్వతహాగా హరామ్ అని చెప్పే అధికారం మాకు లేదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసినదానిని మనం నిషిద్ధం చేయరాదు. పేదవాని పిల్లలకు అందుబాటులో ఉన్న మాంసం అది. స్తోమత ఉన్నవారు మాత్రం వారానికి రెండుసార్లు బ్రాయిలర్ తినడానికి బదులు ఒకసారి నాటుకోడి తింటే పక్షికీ, వంటికీ, పల్లెలో దానిని పెంచిన స్త్రీ చేతికీ మేలు. పెరడు ఉన్నవారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు అనువైనవి. గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువన్న మాటకు ఆధారం లేదు. పెంకు రంగు జాతిని బట్టి, సొన రంగు మేతను బట్టి వస్తాయి.

వంటింట్లో రెండు సంగతులు. జిబహ్ చేసిన తర్వాత మాంసంలో, నరాలలో మిగిలిన రక్తం నజిస్ కాదు. ఖుర్ఆన్ నిషేధించినది ప్రవహించే రక్తాన్ని. కనుక ఏడు నీళ్లు పోసి ముక్కలను పాలిపోయేలా పిండనవసరం లేదు. లేత కోళ్ల ఎముక పక్కన కనబడే ఎర్రదనం మజ్జ నుండి ఊరినది. రెండవది, పచ్చిమాంసాన్ని కుళాయి కింద జోరుగా కడిగితే తుంపరలతో పాటు రోగక్రిములు పక్కనున్న కూరగాయల మీదకూ గిన్నెల మీదకూ చేరతాయి. కడగాలంటే గిన్నెలో నిదానంగా కడిగి, ఆ చోటును, చేతులను సబ్బుతో శుభ్రం చేయండి. మాంసాన్ని పూర్తిగా ఉడికించండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షి జ్వరం వచ్చినప్పుడు భయపడి కోడికూర మానినవారు చాలామంది. ఆ క్రిమి 70 డిగ్రీల పైన ఉడికిన మాంసంలో బ్రతకదు. చచ్చిన కోళ్లను చౌకగా అమ్మేవారి విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. అది తెగులు సంగతే కాదు, మృతపశువు సంగతి కూడా.

ఇక మేము మొదట చెప్పిన ప్రశ్న. ఆదివారం ఉదయం కోడి దుకాణం ముందు పదిమంది నిలబడి ఉంటారు. దుకాణం ముస్లిం సోదరుడిదే. కానీ ఒక చేత ఫోను, ఒక చేత కత్తి. పెదవులు కదిలాయో లేదో తెలియదు. మెడ మీద ఒక గాటు పెట్టి, కొట్టుకుంటున్న కోడిని డ్రమ్ములో పడవేసి, మరుక్షణం దాని మీద ఇంకొక కోడిని వేస్తారు. కొన్నిచోట్ల ప్రాణం పోకముందే సలసల కాగే నీళ్లలో ముంచుతారు. ధర్మం ఏమంటున్నది? హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం శ్వాసనాళం, అన్ననాళం, రెండు రక్తనాళాలు, ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలి. తెలిసి తెలిసి బిస్మిల్లాహ్ వదిలివేస్తే హలాల్ కాదు. గాటు అరకొరగా పడి, కోడి వేడినీళ్లలో ఊపిరాడక చనిపోతే అది మృతపశువే. గాటు సరిగానే పడినా, ప్రాణం పోకముందు ముంచడం, ఈకలు పీకడం హింస, మక్రూహ్. జిబహ్ చేసేటప్పుడు కూడా ఉత్తమంగా చేయాలనీ, కత్తికి పదును పెట్టి జంతువుకు సుఖం కలిగించాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు.

మరొక మసలా చాలామందికి తెలియదు. ప్రేగులు తీయకుండా కోడిని మరిగే నీళ్లలో ఎక్కువసేపు ఉంచి, లోపలి మలినం మాంసంలోకి ఇంకితే ఆ మాంసం నజిస్ అవుతుందని హనఫీ ఫుఖహాలు వ్రాశారు. ఈకలు వదులు కావడానికి మరగని వేడినీళ్లలో కాసేపు ముంచి తీస్తే దోషం లేదు.

కొనేవాడు ఏమి చేయగలడు? ఎంచుకున్న కోడిని చూపించి, ‘భాయ్, తొందర లేదు, దీని ఒక్కదాన్నే వేరుగా కోయండి, చల్లబడ్డాక ముట్టండి’ అని మర్యాదగా అడగగలడు. మొదట దుకాణదారు విసుక్కుంటాడు. అడిగేవారు పదిమంది అయితే అలవాటు చేసుకుంటాడు. రద్దీ లేని శనివారం సాయంత్రం వెళ్లడం ఇంకా మంచిది.

కడప జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన లేఖతో ఈ వ్యాసానికి పూనుకున్నాము. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఆమె పెరట్లో పెంచుకున్న పెట్టను కుక్క పట్టి గాయపరచినది. కత్తి చేతిలో ఉన్నది, కోడికి ఇంకా ప్రాణం ఉన్నది. అయినా ఆడవారు కోయరాదని అత్తగారు వారించి, పక్కవీధి మసీదు మౌజన్ సాహెబ్ కోసం పిల్లవాడిని పంపారు. ఆయన వచ్చేసరికి కోడి చనిపోయినది. ‘నేనే కోసి ఉంటే హలాల్ అయ్యేదా?’ అని ఆమె ప్రశ్న.

అమ్మా, అయ్యేది. మదీనా సమీపంలోని సల్అ కొండ వద్ద హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) గొర్రెలను మేపుతున్న ఒక బానిస స్త్రీ, చావబోతున్న గొర్రెను చూసి, రాయి పగులగొట్టి దాని అంచుతో జిబహ్ చేసినది. తినవచ్చునా అని దైవప్రవక్తను (స) అడగగా, తినమని అనుమతించారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది. మీకు జరిగినదీ అచ్చం అలాంటిదే. ఆమెకు రాయి దొరికినది, మీ వద్ద కత్తి ఉన్నది. స్త్రీ, పురుషుడు, విషయం తెలిసిన బాలుడు, బాలిక, ఎవరైనా జిబహ్ చేయవచ్చును. స్త్రీ నెలసరిలో ఉన్నా అభ్యంతరం లేదు. అత్తగారికి ఈ పుట చదివి వినిపించండి. వారు పెద్దవారు, తెలియక చెప్పిన మాటకు నొచ్చుకోకండి.

ఇకపై అవసరం వస్తే ఇలా చేయండి. కత్తిని కోడి కళ్లెదుట కాకుండా లోపల పదును పెట్టుకోండి. కోడిని ఎడమ పక్కకు, ఖిబ్లా వైపు తిప్పి పడుకోబెట్టి, రెక్కలూ కాళ్లూ కలిపి మెత్తగా అదిమి పట్టండి. ఒంటరిగా ఉంటే రెక్కలను ఎడమ పాదం కింద భారం పడకుండా ఉంచవచ్చును. ‘బిస్మిల్లాహి అల్లాహు అక్బర్’ అని పలుకుతూ దవడ కిందుగా ఒక్క వేటున కోయండి, తల మాత్రం వేరు చేయవద్దు. తర్వాత అది కొంతసేపు రెక్కలు కొట్టుకుంటుంది. అది నరాల కదలిక, దానికి మీరు భయపడనవసరం లేదు. ఆ కదలిక పూర్తిగా ఆగే దాకా వేడినీళ్లను పొయ్యి మీద నుండి దించకండి.